చిన్న తొట్టెకు రంగుల రాస్: ఒక తప్పు కొలతకు ఖండన

ఉప్పునీటి చేపల తొట్టెలు పెంచేవారిలో ఒక అభిప్రాయం చాలాకాలంగా పాతుకుపోయి ఉంది. తొట్టె చిన్నదైనప్పుడు చేప కూడా చిన్నదై ఉండాలనీ, ఆ చేప ముదురు రంగులతో కంటికి ఇంపుగా ఉండి, దానికి తోడు తొట్టెలోని పురుగూ పుట్రా ఏరుకు తినేదైతే అంతకు మించి కోరదగినది లేదనీ, ఈ గుణాలన్నీ రాస్ చేపల్లో, ముఖ్యంగా ఆరు గీతల రాస్‌లో కుదిరాయి కనుక చిన్న పగడపు తొట్టెకు దాన్ని నిశ్చింతగా ఎంచుకోవచ్చనీ ఆ అభిప్రాయం సారాంశం. శ్రీకాకుళం జిల్లా ఉద్దానం వంటి తీరప్రాంతాల్లో దీనికి ఇంకొక మాట సులభంగా చేరుతుంది: సముద్రం పక్కనే ఉన్నప్పుడు నీటికీ ఇసుకకూ రాయికీ చేపకూ కొదవేమిటి, నగరంలో వేలకు వేలు పోసి చేసే పనిని బారువలోనో భావనపాడులోనో బిందెతో చేయవచ్చు కదా అని. ఈ రెండు మాటలూ పైకి వేర్వేరుగా కనిపించినా వాటి మూలం ఒకటే. కంటికి కనిపించే కొలతను, అంటే చేప నిడివినో సముద్రపు దూరాన్నో ప్రమాణంగా పట్టుకుని, ఆ చేప బతికే తీరును రెండూ లెక్కలోంచి తీసేస్తాయి. ఆ ప్రమాణమే తప్పు. చిన్న తొట్టెకు రాస్‌ను ఎంచుకునేటప్పుడు ముందుగా కొలవవలసినది దాని నడవడి. నిడివి, రంగు, ధర ఆ తరువాతి విషయాలు.

రాస్ అన్నది ఏదో ఒక చేపకు పెట్టిన పేరు కాదు, లాబ్రిడే అనే పెద్ద కుటుంబానికంతటికీ వాడుకలో ఉన్న పేరు. ఈ కుటుంబంలో 500కు పైగా జాతులున్నాయి. వేలెడంత ఉండేవి మొదలుకొని రెండు మీటర్లకు ఎదిగే నెపోలియన్ రాస్ వరకు అన్నీ ఇందులోనివే. తోకను వేగం అవసరమైనప్పుడు మాత్రమే వాడుతూ, మిగిలిన వేళల్లో రొమ్ము పక్కనున్న జత రెక్కలను అల్లాడిస్తూ ఈదడం, తెల్లవారినది మొదలు పొద్దుగుంకే వరకు విరామం లేకుండా తిండి వెతుక్కోవడం, చీకటి పడగానే కొన్ని ఇసుకలోకి దూరిపోవడం, మరికొన్ని రాతి సందులో తమ చుట్టూ జిగురు సంచి అల్లుకుని నిద్రపోవడం ఈ చేపల సాధారణ లక్షణాలు. పగడపు తొట్టె అంటే పగడాలు, వాటిని ఆశ్రయించే చిన్న ప్రాణులు, చేపలు ఒకే నీటిలో బతికేలా లవణాలను, వెలుతురును, నీటి ప్రవాహాన్ని సరిచూసుకునే గాజుతొట్టె. అందులో 100 లీటర్లకు లోబడినదాన్ని చిన్న తొట్టెగా లెక్కిస్తారు. బల్లమీద సరిపోయే 60 సెంటీమీటర్ల పొడవు, 30 సెంటీమీటర్ల వెడల్పు, 36 సెంటీమీటర్ల ఎత్తు గల తొట్టెలో పట్టేది సుమారు 65 లీటర్లు. రాయీ ఇసుకా వేశాక మిగిలే నీరు 50 లీటర్ల చిల్లర. ఇక్కడ చర్చ అంతా ఈ 50 లీటర్ల గురించే.

ఆ అభిప్రాయానికి మొదటి ఆధారం నిడివి. ఆరు గీతల రాస్ ఎర్ర సముద్రం నుంచి పసిఫిక్ దీవుల వరకు పగడపు దిబ్బల్లో కనిపించే చేప. ఊదారంగు ఒంటిమీద తల నుంచి తోక వరకు ఆరు నారింజ గీతలు, ఆకుపచ్చ తోక, తోక మొదట కన్నులాంటి చిన్న నల్లచుక్క. మొత్తం నిడివి ఎనిమిది నుంచి పది సెంటీమీటర్లు. కొలతబద్దతో చూస్తే ఇది చిన్న తొట్టెకు సరిపోతుంది. అయితే ఈ చేపను కొంతసేపు దగ్గర నుంచి గమనిస్తే కొలతబద్ద చెప్పని సంగతి తెలుస్తుంది. అది రాతి సందు ముందు ఆగి, ఒక కన్నును విడిగా తిప్పి రాతి ఉపరితలాన్ని పరిశీలించి, చటుక్కున ఒక పోటు పొడిచి, మరుక్షణం పక్క సందు దగ్గర ఉంటుంది. ఈ పని రోజంతా సాగుతుంది. దీని కంటి ముందు పొర రెండు భాగాలుగా ఉండి ఆవగింజకన్నా చిన్న ప్రాణిని సైతం స్పష్టంగా పట్టిచూపుతుంది. ఇలాంటి కన్ను, ఇలాంటి తిండి అలవాటు ఉన్న చేపకు సొంత వేటనేల కావాలి, ఆ నేలను కాపాడుకునే పట్టుదల కూడా దాని స్వభావంలోనే ఉంటుంది. పగడపు దిబ్బలో ఈ పట్టుదల ఎవరినీ చంపదు, ఎందుకంటే తరిమిన చేప వెంబడిస్తుంది, ఓడిన చేప పారిపోతుంది, నాలుగు బారల అవతల ఇద్దరికీ గొడవ తీరిపోతుంది. 60 సెంటీమీటర్ల గాజు గోడల మధ్య ఓడిన చేపకు పారిపోయే చోటు లేదు. అది నీటిపంపు వెనుక నక్కుతుంది, తిండికి బయటికి రాదు, రెక్కల అంచులు చిరుగుతాయి, బెదురుతో ఒంట్లో సత్తువ తగ్గి తెల్లమచ్చల జబ్బుకు లోనవుతుంది. చచ్చిన కారణం జబ్బుగా నమోదవుతుంది కాని, తరిమిన చేప పేరు ఎవరూ చెప్పరు.

ఈ చేపను సిఫారసు చేసేవారు స్వయంగా ఇచ్చే సలహాలోనే వారి వాదానికి ఖండన ఉంది. ఆరు గీతల రాస్‌ను తొట్టెలో అన్నిటికన్నా చివర వేయాలని వారంటారు. ముందు వేస్తే తొట్టె మొత్తాన్ని తనదిగా భావించి, తరువాత వచ్చిన ప్రతి చేపనూ వేధిస్తుందని వారికీ తెలుసన్నమాట. కాని చివర అన్నది ఒక్కరోజు మాట. ఏడాది తిరిగేలోపు ఏదో ఒక చేప చనిపోతుంది, దాని స్థానంలో కొత్తది వస్తుంది, అప్పటికి రాస్ పాతకాపు అయి కూర్చుంటుంది. పోనీ వేరుచేద్దామంటే రాళ్ల సందుల్లో బతికే ఈ చేపను పట్టడానికి తొట్టెలోని రాళ్లన్నీ బయటికి తీయాలి, రాళ్లు తీస్తే వాటిని ఆశ్రయించి కుదురుకున్న జీవమంతా చెదురుతుంది. ఇన్ని షరతులతో మాత్రమే పనిచేసే ఎంపికను కొత్తగా తొట్టె పెట్టేవారికి తొలి ఎంపికగా చెప్పడం న్యాయం కాదు.

రెండో ఆధారం ఉపకారం. ఆరు గీతల రాస్ పగడాల మీద పాకే చదును పురుగులను, చిప్పజీవులను పీల్చే చిన్న నత్తలను తింటుందనే మాట నిజమే. కాని తొట్టెలో పురుగు ఉంటే తినే చేప, పురుగు లేకపోతే ఆకలిని పక్కన పెట్టదు. నీటిని శుభ్రంగా ఉంచే సూక్ష్మ రొయ్యజాతి ప్రాణులను, మెత్తని చిన్న రొయ్యలను కూడా తింటుంది, 50 లీటర్లలో పెరగగల అలాంటి సరుకు కొన్ని వారాల్లో అడుగంటుతుంది. ఉపకారమనే వాదం ఎంత దూరం తప్పుదారి పట్టించగలదో శుభ్రం చేసే రాస్ విషయంలో మరింత స్పష్టంగా కనిపిస్తుంది. నీలిగీత గల ఈ చేప పెద్ద చేపల ఒంటిమీది పరాన్నజీవులను ఏరి తింటుంది కనుక తొట్టెకు వైద్యుడనే పేరుతో అమ్ముడుపోతుంది. ఆస్ట్రేలియా పగడపు దిబ్బల్లో అలెగ్జాండ్రా గ్రట్టర్ జరిపి 1996లో ప్రచురించిన పరిశీలనలో ఇలాంటి ఒక్కో చేప రోజుకు సుమారు 1,200 పరాన్నజీవులను తింటుందని తేలింది. చిన్న తొట్టెలో మూడు చేపలుంటే వాటి మీద 1,200 పరాన్నజీవులు ప్రతిరోజూ ఎక్కడినుంచి వస్తాయి? అంతటి తెగులు ఉన్న తొట్టెలో చేపలే బతకవు, తెగులు లేని తొట్టెలో ఈ రాస్ పస్తులుండి సన్నబడుతుంది. అద్దంలో కనిపించే మచ్చ తన ఒంటిదేనని గ్రహిస్తున్నట్టు 2019లో ప్రచురితమైన జపాన్ పరిశోధనలో కనబడిన చేప ఇదే. దానికి ఇల్లు ఊడ్చే పనిముట్టు స్థానం ఇవ్వడం తెలివైన పనేమీ కాదు.

మూడో ఆధారం రంగు. దుకాణంలో చూసిన రంగు ఇంట్లోనూ ఉంటుందన్న నమ్మకం రాస్ చేపల జీవితక్రమం తెలియకపోవడం వల్ల పుట్టినది. ఈ కుటుంబంలో చాలా జాతులు ఆడగా మొదలై తరువాత మగగా మారతాయి. పిల్లగా ఒక రంగు, ఆడగా మరో రంగు, మగగా ఇంకో రంగు ధరిస్తాయి. కోరిస్ జాతిలో ఒక చేప పిల్లగా ఉన్నప్పుడు తెల్లని ఒంటి మీద రెండు నారింజ మచ్చలతో ఎంతో ముద్దుగా ఉంటుంది; అదే చేప ఎదిగి ముదురు పచ్చ నలుపు కలిసిన వన్నెతో, నుదుట బొప్పితో, మీటరు దాటిన నిడివికి చేరుతుంది. చంద్రవంక తోక గల రాస్ మన దేశపు రాతి తీరాల్లోనూ కనిపించే అందమైన చేపే కాని, పాతిక సెంటీమీటర్లకు ఎదిగి ఆగకుండా పరుగెత్తే దానికి 60 సెంటీమీటర్ల తొట్టె చెరసాల. అన్నిటికన్నా ప్రకాశవంతమైన పరీ రాస్, మెరుపు రాస్ చేపల మగవి తమ రంగును ఆడచేపల ముందు, పోటీ మగచేపల ముందు ప్రదర్శించుకోవడానికే ధరిస్తాయి. ఒంటరిగా ఉంచితే ఆ రంగు క్రమంగా వెలిసిపోతుందని పెంపకందార్లు తరచు గమనిస్తుంటారు. గుంపును ఉంచాలంటే చిన్న తొట్టె చాలదు. మాల్దీవుల సముద్రంలో 40 నుంచి 70 మీటర్ల లోతున ఉండే గులాబీ వన్నె పరీ రాస్‌కు 2022లో శాస్త్రీయ నామం పెట్టేనాటికే అది అక్వేరియం వ్యాపారంలోకి చేరిపోయింది. శాస్త్రం పేరు పెట్టేలోపే వ్యాపారం ధర పెట్టగలిగే చోట రంగును నమ్ముకుని చేప కొనేవారికి ఆ చేప గురించి తెలిసేది ఎంత తక్కువో చెప్పనవసరం లేదు.

ఇక ఉద్దానానికి ప్రత్యేకంగా వర్తించే నాలుగో ఆధారం, సముద్రం పక్కనే ఉందన్నది. ఇచ్ఛాపురం నుంచి కవిటి, సోంపేట, మందస, వజ్రపుకొత్తూరు మీదుగా సాగే ఈ తీరం ఇసుకతీరం. ఇక్కడి వలల్లో పడేవి చందువలు, కవళ్లు, కోనాలు వంటి బహిరంగ జలాల చేపలు, అడుగు బురదలో తిరిగే రొయ్యలు. మన దేశంలో పగడపు దిబ్బలు ప్రధానంగా మన్నార్ సింధుశాఖ, పాక్ అఖాతం, కచ్ సింధుశాఖ, లక్షద్వీపాలు, అండమాన్ నికోబార్ దీవుల్లో ఉన్నాయి, ఉద్దానం తీరంలో లేవు. బారువ తీరానికి అవతల మునిగి ఉన్న పాత ఓడ శిథిలం వంటి గట్టి ఆధారం దొరికిన చోట రాతిని ఆశ్రయించే చేపలు చేరతాయన్నది నిజమే, కాని ఆ ఒక్క శిథిలాన్ని చూపి తీరమంతటినీ పగడపు సీమగా భావించడం కుదరదు. పైగా రాతి పగడాలు, నల్ల పగడాలు, అగ్ని పగడాలు, సముద్ర విసనకర్రలు 2001లోనే 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టపు మొదటి షెడ్యూలులో చేరాయి కనుక ఎక్కడి సముద్రం నుంచైనా వాటిని విరిచి తెచ్చి తొట్టెలో పెట్టడం నేరం. తొట్టెలో పగడాల మాట ఎత్తేవారు ముందు ఈ చట్టాన్ని చదవడం మంచిది.

నీటి సంగతి మరింత జాగ్రత్తగా చూడవలసినది. పగడపు తొట్టెకు లీటరుకు 35 గ్రాముల లవణం, 1.025 లేదా 1.026 సాపేక్ష సాంద్రత ఏడాది పొడవునా నిలకడగా ఉండాలి. ఉత్తర బంగాళాఖాతపు తీరజలం అలా ఉండదు. నైరుతి రుతుపవనాల కాలంలో గంగా బ్రహ్మపుత్రలు, మహానది మోసుకొచ్చిన మంచినీరు ఉప్పునీటి మీద పొరలా పరచుకుని, ఆ తరువాతి నెలల్లో తీరం వెంబడి దక్షిణానికి సాగే ప్రవాహంతో ఈ తీరాన్ని తాకుతుంది. అప్పుడు పైనీటి లవణం 30 గ్రాములకు బాగా దిగువకు పడిపోతుంది. బారువ దగ్గర కలిసే మహేంద్రతనయ వంటి ఏరు పొంగితే మార్పు మరింత తీవ్రం. మే నెలలో తెచ్చిన బిందె నీరు, అక్టోబరులో తెచ్చిన బిందె నీరు రెండూ సముద్రపు నీరే అయినా తొట్టెకు అవి రెండు వేర్వేరు ద్రవాలు. సముద్రపు నీరు వద్దు, టెక్కలి దగ్గరి నౌపాడ ఉప్పు కలుపుకుంటే చాలదా అంటే అదీ చాలదు. ఉప్పుమళ్లలో సముద్రపు నీరు ఎండి గడ్డకట్టినప్పుడు ముందు అడుగుకు చేరేది సున్నపు లవణాలు, తరువాత గడ్డకట్టేది సోడియం క్లోరైడు. మెగ్నీషియం, పొటాషియం చాలావరకు చివరి చేదునీటిలోనే మిగిలి మడి బయటికి పోతాయి. కూరకు అమృతమైన ఆ ఉప్పులో పగడానికి కావలసిన లీటరుకు 420 మిల్లీగ్రాముల కాల్షియం గాని, 1,300 మిల్లీగ్రాముల దాపు మెగ్నీషియం గాని ఉండవు.

ఇసుక కూడా ఊరికే దొరికేది కాదు. పసుపు రాస్ వంటి హాలికోరిస్ జాతి చేపలు సాయంకాలం వెలుతురు తగ్గగానే తలకిందులుగా ఇసుకలోకి దూసుకుపోయి, ఒళ్లు విదిలించుకుంటూ క్షణంలో కనుమరుగై, తెల్లవారే వరకు అక్కడే నిద్రపోతాయి. దానికి కనీసం ఐదు సెంటీమీటర్ల మందాన మెత్తని సున్నపు ఇసుక కావాలి. భావనపాడు, కళింగపట్నం తీరాల ఇసుక అలాంటిది కాదు. ఇల్మనైటు, గార్నెట్, సిలిమనైటు, మోనజైటు వంటి బరువైన ఖనిజాల నిల్వలకు ఆ తీరం ప్రసిద్ధి. అల వెనక్కి పోయాక ఇసుకలో కనిపించే నల్లని, ఎర్రని చారలు ఆ ఖనిజాలవే. లోహపు ఖనిజాలు నిండిన ఇసుకను పగడపు తొట్టెలో పోసి చేప సుఖంగా నిద్రపోవాలని ఆశించడం అత్యాశ.

ఇవన్నీ డబ్బుతో సరిచేసుకోవచ్చనేవారుంటారు. కృత్రిమ సముద్ర లవణం, సున్నపు ఇసుక, పగడం బదులు పింగాణీ రాయి విశాఖపట్నం నుంచి తెప్పించుకోవచ్చు. అయినా మూడు విషయాలు మిగులుతాయి. మొదటిది వేడి. పగడపు చేపలకు 24 నుంచి 27 డిగ్రీల నీరు కావాలి, పలాస, టెక్కలి వేసవిలో మూసిన గది గాలే అంతకు మించి ఉడుకుతుంది, నీరు తక్కువైన కొద్దీ అది త్వరగా వేడెక్కుతుంది. 50 లీటర్ల నుంచి రోజుకు ఒక్క లీటరు ఆవిరైతే లవణం 35 నుంచి 35.7కు చేరుతుంది, మూడు రోజులు ఏమరుపాటుగా ఉంటే తొట్టె సముద్రాన్ని మించి ఉప్పగా మారుతుంది. రెండోది కరెంటు. 2018 అక్టోబరు 11న తిత్లీ తుపాను పలాసకు చేరువలో తీరం దాటినప్పుడు కొబ్బరి, జీడి తోటలతో పాటు కరెంటు స్తంభాలూ నేలకొరిగి ఎన్నో గ్రామాలు రోజుల తరబడి చీకట్లో మగ్గాయి. పంపు ఆగిన చిన్న తొట్టెలో చేపకు గాలి గంటల లెక్కనే మిగులుతుంది. తుపాను దాకా ఎందుకు, రాత్రివేళ మామూలు కరెంటుకోతతో దీపం ఒక్కసారిగా ఆరితే బెదిరిన రాస్ నీటిలోంచి పైకెగరడం సాధారణం. వలమూత లేని తొట్టెలో తెల్లవారేసరికి అది గచ్చు మీద ఎండి ఉంటుంది.

మూడోది మంచినీరు, ఉద్దానంలో ఇది అన్నిటికన్నా బరువైనది. కృత్రిమ లవణం కలపడానికి ఆర్వో నీరు కావాలి, ఇంటి ఆర్వో యంత్రం ఒక లీటరు ఇవ్వడానికి రెండు మూడు లీటర్లు వదిలేస్తుంది. వారానికి ఐదు లీటర్ల నీటిమార్పిడి, ఏడు లీటర్ల ఆవిరి పూడ్పు కలిపి పన్నెండు లీటర్ల శుద్ధజలం అనుకుంటే, దాని కోసం బోరు నుంచి తోడవలసినది సుమారు నలభై లీటర్లు. కిడ్నీ వ్యాధితో దశాబ్దాలుగా సతమతమవుతున్న ఉద్దానంలోని ఏడు మండలాలకు హిరమండలం జలాశయం నుంచి గొట్టాల ద్వారా తాగునీరు తెచ్చే పథకం, పలాసలో 200 పడకల కిడ్నీ పరిశోధన ఆసుపత్రి 2023 డిసెంబరు 14న ప్రారంభమయ్యాయి. గుక్కెడు శుభ్రమైన నీటి కోసం ఇంత ప్రయాస పడిన నేల మీద ఒక అలంకార చేప కోసం శుద్ధజలాన్ని ఒలకబోయడం సమంజసమా అన్న ప్రశ్నను ఎవరికి వారే వేసుకోవాలి. తొట్టె ఖర్చు లెక్కలో ఈ పద్దును రాయకుండా దాటవేయడం మాత్రం నిజాయితీ కాదు.

ప్రతివాదులు చివరికి ఆశ్రయించేది అనుభవాన్ని: ఫలానావారి 60 లీటర్ల తొట్టెలో ఆరు గీతల రాస్ ఐదేళ్లు హాయిగా బతికిందని. అది నిజమే కావచ్చు, కాని బతికిన చేప గురించి చెప్పే నోళ్లు ఎన్నో, చచ్చిన చేప గురించి చెప్పేవి అన్ని ఉండవు. ఆ తొట్టెలో రాస్‌తో పాటు ఐదేళ్లు బతికిన ఇతర చేపలెన్ని అని అడిగితే, రాస్ ఒక్కటే మిగిలిందన్న జవాబు రావడం అరుదు కాదు; అది ఎంపిక విజయానికి కాదు, దౌర్జన్య విజయానికి సాక్ష్యం. ఇంకొక వాదం ఉంది, అది గౌరవించదగినది: తొట్టె చూసిన పిల్లలకు సముద్రం మీద ప్రేమ కలుగుతుందని. ఆ ప్రేమ కలిగే దారి ఇక్కడ వేరే కూడా ఉంది. టెక్కలి చేరువలోని తేలినీలాపురంలో చింతచెట్ల మీద ఏటా గూళ్లు కట్టే గూడబాతులను, ఎర్రకాళ్ల కొంగలను ఊరివారు పంజరంలో పెట్టకుండానే తరతరాలుగా తమవిగా చేసుకున్నారు.

అలాగని చిన్న తొట్టెకు ఏ రాస్ పనికిరాదనడం అతివాదమవుతుంది. నడవడిని కొలమానంగా తీసుకుంటే ఎంపిక తానుగా తేలుతుంది. వెట్మోరెల్లా జాతికి చెందిన పోసం రాస్ ఆరు నుంచి ఎనిమిది సెంటీమీటర్ల చేప. ఇటుకరంగు ఒంటి మీద సన్నని లేత పట్టీలు, రెక్కల మీద కళ్లలాంటి చుక్కలతో, రాతి గుహల నీడలో నిదానంగా తేలుతూ తిరుగుతుంది, ఇతర చేపలను తరమదు. గులాబీ గీతల రాస్ కూడా దాదాపు ఇంతే పరిమాణంలో, ఇంతే నెమ్మదిగా ఉంటుంది. ఇవి దుకాణపు దీపాల కింద ఆరు గీతల రాస్ ముందు వెలవెలబోతాయి, అందుకే వీటిని అడిగేవారు తక్కువ. వీటికైనా షరతులున్నాయి: తొట్టె కనీసం ఆరు నెలలు నడిచి సూక్ష్మజీవులు కుదురుకున్న తరువాతే తేవాలి, రోజుకు రెండు మూడుసార్లు సన్నని తిండి వేయాలి, సన్నని వలమూత ఉండాలి, కరెంటు పోతే నడిచే బ్యాటరీ గాలిపంపు సిద్ధంగా ఉండాలి, దుడుకు చేపలతో కలపకూడదు.

కాబట్టి పలాసలోనైనా టెక్కలిలోనైనా, ఇంకెక్కడైనా, 65 లీటర్ల తొట్టె ముందు నిలబడి రంగుల రాస్ కోసం చూస్తున్నవారు పాటించవలసిన క్రమం ఇది. ముందు నీరు, కరెంటు, వేడి ఏడాది పొడవునా తమ చేతిలో ఉంటాయో లేదో తేల్చుకోవాలి. ఉండవంటే ఉప్పునీటి తొట్టె ఆలోచనే మానుకోవాలి. ఉంటాయంటే ఒక్క పోసం రాస్‌తో గాని, గులాబీ గీతల రాస్‌తో గాని సరిపెట్టుకోవాలి. ఆరు గీతల రాస్‌ను, శుభ్రం చేసే రాస్‌ను, పిల్లదశలో ముద్దుగా కనిపించే కోరిస్‌ను, గుంపు లేనిదే వన్నె నిలవని పరీ రాస్‌ను దుకాణంలోనే వదిలి రావాలి.